తోకదీపాలు మార్చిన కారు

శనివారం పొద్దున్న ఏడు నలభైకి జర్మనీలోని కార్ల్స్‌రూహెలో మా అక్క కూతురు షారోను ఇంటి నుంచి బయలుదేరాం. ట్రాములో గంట దూరంలో ఒక చిన్న ఊళ్లో పాత అమెరికన్ కార్ల మేళా ఉందని తనే చెప్పింది. ముప్పై నాలుగేళ్లు కోస్తాలో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన నాకు కోటలకన్నా అదే చూడాలనిపించింది. ఇద్దరికీ కలిపి రోజంతా చెల్లే ఒకే టికెట్టు తీసుకోవచ్చు. ట్రాము ఊరి వీధుల్లో మెల్లగా నడిచి, ఊరు దాటాక రైలు పట్టాలెక్కి వేగం అందుకుంటుంది. ఎక్కడా మారనక్కర్లేదు.

ఎదురు సీటులోని ముసలాయన నా చేతిలో భూతద్దం చూసి ఎక్కడికని అడిగాడు. షారోను చెప్పింది. "పెట్రోలు తాగే దున్నపోతుల్ని చూడ్డానికా!" అని ఆయన నవ్వాడు. ఆ జర్మన్ మాటలు షారోనే నాకు తెలుగులో చెప్పింది.

తొమ్మిదింటికల్లా మైదానంలో ఉన్నాం. ఇలాంటి చోటికి పెందలాడే వెళ్లాలి. ఎండ ఏటవాలుగా పడేటప్పుడు తలుపు మీద ఎదుటి చెట్టు ప్రతిబింబం చూడాలి. రేకు మొదటిదైతే చెట్టు నిటారుగా ఉంటుంది, పుట్టీ పెట్టిన చోట వంగుతుంది. అలా వరసగా పదిహేడు కార్లు చూసి, పద్దెనిమిదో దాని దగ్గర ఆగాను. మీగడ రంగు కారు, వెనక చేప తోకల్లాంటి రెక్కలు, తలుపులకు పిడులే లేవు. పాత అలవాటుకొద్దీ వేలి కణుపుతో రేకు మీద రెండుసార్లు కొట్టాను.

"మావయ్యా, ముట్టుకోకు! ఇక్కడ ఒకరి కారు ముట్టుకుంటే వాళ్ల పిల్లాణ్ణి గిల్లినట్టే!" అంది షారోను.

కారు పక్కన మడతకుర్చీలోంచి దాని యజమానురాలు కోపంగా లేచి వచ్చింది. పేరు ఊటా. ట్రాము నడిపి రిటైరయింది, భర్త మాన్‌ఫ్రెడ్ పోయి రెండేళ్లయింది. షారోను క్షమాపణ చెప్పి నా ఉద్యోగం గురించి చెబితే, కోపం పోయి, "ఇన్‌స్పెక్టరా? అయితే ఏం తప్పులున్నాయో చెప్పమను" అంది.

చెప్పాను. తలుపు పిడులు తీసి పూడ్చారు. బానెట్ మీది బొమ్మ తీసేశారు. ముందు దీపాలు లోపలికి దించారు. పక్కల మెరుపు పట్టీ సగం తీశారు. వెనక గుండ్రటి దీపాల చోటు కోసి, వేరే కారువి సన్నటివి నిలువుగా అమర్చారు. "మా ఊళ్లో అయితే ఈ బండి ఫెయిల్" అని కూడా అన్నాను. షారోను ఒక్క క్షణం ఆగి అదీ చెప్పేసింది. ఆవిడ మొహం వాడిపోయింది.

సంగతేమిటో అప్పుడు తెలిసింది. "సోమవారం ఆవిడకి టెర్మిన్, అంటే తనిఖీ అపాయింట్‌మెంటు ఉందంట మావయ్యా, పాతకార్ల నంబరు ప్లేటుకి. మార్పులు ఆ కారు కాలంనాటివైతే ఓకే, తర్వాత చేసినవైతే ఇవ్వరంట. ప్లేటు రాకపోతే పన్ను ఎక్కువట, కారు ఉంచుకోలేదంట." పక్క దుకాణంలో పాత దీపాలమ్మే అతను, అదంతా మాన్‌ఫ్రెడ్ ఈమధ్య చేసిన పనే, కోసేసి ఫ్యాక్టరీ దీపాలు పెట్టాల్సిందే అంటున్నాడు. రెండింటికి దుకాణం కట్టేస్తాడు. "మాన్‌ఫ్రెడ్‌ని అడుగుదామంటే లేడు" అంది ఊటా.

ఆ ఫెయిల్ మాట తొందరపడి అన్నానని సిగ్గేసింది. ఈసారి అనుమతి అడిగి డిక్కీ తెరిపించాను. తివాచీ ఎత్తి టార్చి వేస్తే, దీపాల వెనక రేకు లోపల వెండిరంగు చుక్కలు కారి గట్టిపడి ఉన్నాయి. సీసం. కరిగించి పూడ్చే పాత పద్ధతి. అయితే అది మాన్‌ఫ్రెడ్‌కీ వచ్చి ఉండొచ్చు. దీపం అంచున కందిబద్దంత పెచ్చు ఊడిన చోట భూతద్దం పెట్టాను. పైన మీగడ రంగు, దాని కింద ఆకుపచ్చ, ఆ కింద సీసం.

"ఈ కారు ఎప్పుడైనా ఆకుపచ్చగా ఉండేదా?"

"యాభై ఏళ్ల కిందట ఇక్కడున్న అమెరికన్ సైనికుడి దగ్గర మాన్‌ఫ్రెడ్ కొన్నప్పుడు ఆకుపచ్చే. మా పెళ్లికి ఈ రంగు వేశాడు."

ఆకుపచ్చ సీసం మీద ఉంది. అంటే ఆ రంగు వేయకముందే దీపాలు మార్చారు. మాన్‌ఫ్రెడ్ చేయి పడకముందే. ఇక్కడివారు ప్రతి కాగితం ఫైల్లో పెడతారు కాబట్టి, కొన్ననాటి ఫొటో ఉందా అని అడిగాను. ఊటా సీటు కింద నుంచి లావుపాటి ఫైలు తీసింది. మొదటి పేజీలోనే ఉంది. చేతిలో తాళాలతో కారు వెనక నిలబడ్డ కుర్రవాడు, అతని నడుము పక్కన సన్నటి నిలువు దీపం.

ఆవిడ చాలాసేపు చూసింది. "ఈ ఫొటోలో నేనెప్పుడూ అతన్నే చూశాను. దీపాలు చూడలేదు."

తర్వాత పక్క దుకాణానికి వెళ్లి వద్దని చెప్పి వచ్చింది. పన్నెండున్నరకు మా పులిహోర, ఆవిడ ప్లమ్ పండ్ల కేకు పంచుకున్నాం. "పుల్లగా ఉంది, బాగుంది" అని ఊటా పులిహోర రెండోసారి పెట్టించుకుంది. సోమవారం ప్లేటు వచ్చిందని తర్వాత మెసేజి పెట్టింది కానీ, ఆ పూట మాకది తెలియదు.

మూడు ఇరవై ట్రాములో తిరుగు ప్రయాణం. షారోను, "మావయ్యా, నీ సర్వీసులో ఇలా మార్చిన బళ్లు ఎన్ని పాస్ చేశావు?" అంది.

"ఒక్కటీ లేదు."

"పాపం వాళ్లందరూ!"

నవ్వాను కానీ, ఆ మాట కాసేపు మనసులో మెదులుతూనే ఉంది. ఏం మార్చారనేది ఇన్నేళ్లూ బాగానే పట్టుకున్నాను. ఎవరు మార్చారు, ఎప్పుడు, ఎందుకు అని అడగలేదు. కిటికీ అవతల ద్రాక్షతోటలు వెనక్కి పోతున్నాయి. రోజు బాగా గడిచింది.