అంగుడి చూపించిన అచ్చమ్మ

అచ్చమ్మకు చదువు రాదు. అయినా ఆసుపత్రిలో పద్నాలుగేళ్లు ఆయాగా చేసిన మనిషి కాబట్టి, రోగి నడిచి వచ్చే తీరు చూసి ఏ గదికి పంపాలో చెప్పేసేది. కాపురం బెంగాల్లో, వాట్‌గంజ్ ఓడరేవు కూలీల బస్తీలో. ఆ గల్లీలో సగం మంది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లే.

1967 వానల్లో తోటికోడలు సన్యాసమ్మను ఆమే ఆసుపత్రికి తీసుకెళ్లింది. పాన్ తింటావా, బీడీ తాగుతావా అని సేన్‌గుప్తా డాక్టరు అడిగితే, లేదంది సన్యాసమ్మ. అబద్ధం కాదు. ఆయన బుగ్గల లోపల, నాలుక కింద చూసి, బాగానే ఉందని పంపేశాడు. రెండోసారి వెళ్లేసరికి అంగుట్లో చిల్లు పడి, తాగిన గంజి ముక్కులోంచి వచ్చేది. రాచపుండు. మూడు నెలల్లో పోయింది.

మరుసటి ఏడు పక్కింటి తవిటమ్మ నోరు మండుతోందని అన్నం పక్కన పెట్టేయడం మొదలెట్టింది. అచ్చమ్మకు తోటికోడలు గుర్తొచ్చింది. సన్యాసమ్మకూ ఇలాగే మొదలైంది.

మర్నాడు డాక్టరు చేతులు కడుక్కుంటుంటే ఎదురుగా నిలబడి, వచ్చిన బెంగాలీలోనే అడిగింది.

"డాక్టర్ బాబు, మా వాళ్ల నోట్లో కింద చూస్తారు, పక్కన చూస్తారు. పైన చూడరేం?"

"పైన ఏముంటుంది, మాషీ?" అన్నాడాయన. ఆయాలను అక్కడ అందరూ మాషీ, అంటే పిన్ని, అనే పిలుస్తారు.

అచ్చమ్మ రొంటిన దోపుకున్న చుట్ట తీసి వెలిగించింది. నిప్పున్న కొసను నోట్లోకి తిప్పి పెదాలు మూసేసింది. డాక్టరు రెండడుగులు వెనక్కి వేశాడు.

"కాలిపోతుంది! తియ్యి!"

ఆమె తాపీగా పొగ వదిలింది. "మా ఆడవాళ్లందరూ ఇలాగే కాలుస్తాం. బట్టలుతికేటప్పుడు కూడా ఆరిపోదు. అడ్డపొగ అంటాం. సెగంతా పైకే తగుల్తుంది. మీరు బీడీ అనడిగారు, చుట్ట అనలేదు కదా!"

చనిపోయిన సన్యాసమ్మ పేరు డాక్టరే ఎత్తాడు, ఆమె అంగుడి తాను చూడలేదని ఒప్పుకున్నాడు.

"మా గల్లీకి రండి, ఆదివారం," అంది అచ్చమ్మ. "ఇక్కడికొస్తే రోజు కూలి పోతుంది. నొప్పి పుడితే గానీ ఎవరూ రారు."

ఆదివారం ఆయన టార్చి లైటు, చిన్న అద్దం పట్టుకుని వచ్చాడు. కుళాయి పక్కన బల్ల వేశారు. ఆడవాళ్లు గుమ్మాల్లోంచి తొంగి చూశారే గానీ ఒక్కరూ కదల్లేదు.

"ఏటే అచ్చమ్మా, మా పళ్లు లెక్కెట్టడానికి బాబుని తెచ్చినావా?" అంది తవిటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"నీకున్న పళ్లకి లెక్కేటే? రా, కూకో."

"పరాయి మగోడి ముందర నోరు తెరుస్తానేటి?"

"నీ మొగుడు యెంకటేశుని నువ్వు తిట్టినప్పుడు నీ నోరు గల్లీ అంతా సూడ్నేదేటి?"

నవ్వులు పడ్డాయి. ఆ నవ్వుల్లోనే అచ్చమ్మ బల్ల మీద కూర్చుని నోరు తెరిచింది. అందర్నీ పిలిచి చూపించాడు డాక్టరు. తెల్లబారిన అంగుడి, దాని మీద ఎర్ర చుక్కలు. ఇది రాచపుండు కాదనీ, చుట్ట మానకపోతే కావచ్చుననీ చెప్పాడు. ఆ మాటలు అచ్చమ్మే తెలుగులో చెప్పింది.

తవిటమ్మ కొంగు దించింది. "సన్నేసమ్మకి సూడని సోటే నాకు సూడండి బాబూ."

చూశాడు. చిన్న పుండు. ముక్క తీసి పరీక్షకు పంపాడు. ఫలితం వారం రోజులకు వచ్చింది.

"రాచపుండే," అన్నాడు డాక్టరు. "కానీ కందిగింజంత. పుండు ఇంత చిన్నగా ఉన్నప్పుడే నా దగ్గరికెవరూ రాలేదు, మాషీ."

ఆపరేషను చేశారు. నెల తిరక్కుండా తవిటమ్మ తన కాళ్ల మీద తాను నడిచి గల్లీలోకి వచ్చింది. తర్వాతి ఆదివారానికి కుళాయి నుంచి రోడ్డు దాకా వరస కట్టారు ఆడవాళ్లు. వరస తప్పినవాళ్లను తవిటమ్మే రెక్క పుచ్చుకుని లాక్కొచ్చి నిలబెట్టింది.

అచ్చమ్మ చుట్ట మానేసి లవంగం అలవాటు చేసుకుంది. ఏది మామూలు మచ్చో, ఏది అనుమానించాల్సిందో డాక్టరు దగ్గర నేర్చుకుని, ఆదివారాలు చర్చిలో ప్రార్థన ముగిశాక హౌరా దాటి, తెలుగువాళ్లుండే సంత్రాగాఛి రైల్వే క్వార్టర్ల దాకా తిరిగింది. ఏడేళ్లలో పదకొండుమందిని నొప్పి పుట్టకముందే పట్టుకుంది. అందులో తొమ్మిదిమంది బతికి బట్టకట్టారు.

కొత్తగా చేరిన డాక్టర్లను సేన్‌గుప్తా ముందు ఆమె దగ్గరికే పంపేవాడు. వాళ్లు నోటుపుస్తకాలు తెరిచి నిలబడితే, అచ్చమ్మ బల్ల తుడిచి, "కూర్చోండి బాబూ, మొదట్నుంచీ చెబుతాను," అనేది.