ఊడ్వని మూడు రోజులు

ఏ ఊరు వెళ్ళినా నేను ముందు చూసేది అక్కడి గ్రంథాలయం, ఆ తర్వాత అక్కడి చీపురు. పుస్తకాలు ఆ ఊరు ఏమనుకుంటోందో చెబుతాయి, చీపురు అది ఎలా బతుకుతోందో చెబుతుంది. రాజుల ఊరేగింపుల గురించి పేజీలకు పేజీలు చదివాను. ఆ ఊరేగింపు వెళ్ళిన మర్నాడు ఏనుగుల పేడ ఎవరు ఎత్తారో ఒక్క చరిత్రకారుడూ రాయలేదు. సరే, మాట దారి తప్పుతోంది. చెప్పాలనుకున్నది డేగక్క సంగతి.

ఆమె ఒక కాలేజీలో ఊడ్చే మనిషి. ఆ కాలేజీ గ్రంథాలయంలోని పాత యాత్రా గ్రంథాల కోసం నేను నాలుగు నెలలు ఆ ఊళ్ళో ఆగిపోయాను. తెల్లవారి ఐదింటికి ఆమె చీపురు పడితే ఎనిమిదింటికి ఆవరణంతా అద్దంలా ఉండేది. నేలమీద గుండుసూది పడినా పది గజాల నుంచి పట్టేస్తుందని కుర్రకారు ఆమెకు ఆ పేరు పెట్టారు.

ఆమె ఊడ్చే పద్ధతే వేరు. రాలిన ఆకులన్నీ వృక్షశాస్త్రం వాళ్ళ ఎరువు గుంతలోకి వెళ్ళాలి. ఒకప్పుడు ఆకులతో పాటు సిగరెట్టు పీకలు కూడా గుంతలో పడి, ఆ ఎరువు వేసిన నారు మాడిపోయిందట. ఆ శాఖను చూసే అప్పటి మేడమ్ చీవాట్లు పెట్టారట. అప్పటి నుంచి డేగక్క కొన వంచిన ఇనప తీగతో పీకల్ని ఒక్కొక్కటే ఏరి పాత రంగు డబ్బాలో వేసి, ఆ తర్వాతే ఆకులు ఊడ్చేది. పదేళ్ళు అలా ఏరేసరికి ఆమెకు పీకలు చదవడం వచ్చింది. అక్షరం ముక్క రాని మనిషి!

"ఇది చూడండి పెద్దాయనా, కొస నమిలేశాడు. పరీక్ష తప్పినోడు," అనేది. "ఇది సగంలోనే నలిపేశారు. ఎవరో సారు వస్తుంటే భయపడ్డారు. ఇదిగో, దీనికి పెదాల రంగు. ఆడపిల్లలేం తక్కువ తిన్నారా?"

ఆమెకు ఒక తమ్ముడు. అదే గ్రంథాలయం వెనక గదిలో చిరిగిన పుస్తకాలు కుట్టి అట్టలు వేసే బైండరు. చేతులకు ఎప్పుడూ మైదా జిగురు. పదహారో ఏట మొదలెట్టిన సిగరెట్టు నలభై దాటినా వదల్లేదు. మెట్లెక్కితే కొలిమితిత్తిలా రొప్పేవాడు. డాక్టరు ఊపిరితిత్తుల ఫొటో తీసి, ఇంకో రెండేళ్ళు ఇలాగే కాలిస్తే మంచం పక్కన గాలి సిలిండరు పెట్టుకోవాల్సిందేనని తేల్చి చెప్పాడు. నాలుగుసార్లు మానాడు, నాలుగుసార్లూ మళ్ళీ మొదలెట్టాడు.

ఆ ఏడాదే కాలేజీలో "ఈ ఆవరణలో పొగ తాగరాదు" అని బోర్డులు పెట్టి, ప్రథమ చికిత్స గది పక్కన మానాలనుకునేవాళ్ళ కోసం ఒక చిన్న గది తెరిచారు. రెండు బల్లలు, ఒక నర్సమ్మ, నమలడానికి మందు బిళ్ళలు. రోజూ పదకొండున్నరకు బైండరుకు ప్రాణం లాగేది. ఆ వేళకు వచ్చి బల్లమీద కూర్చునేవాడు.

"ఐదే నిమిషాలు. కోరిక అలలాంటిది. నువ్వు దాన్ని తన్నొద్దు, తరమొద్దు. కూర్చో, అదే పోతుంది," అనేది నర్సమ్మ.

"పోకపోతే?"

"ఇంకో బిళ్ళ నములు. నోరు ఖాళీగా ఉంటేనే కదా నీకీ ప్రశ్నలు!"

అలా నలభై ఒక్క రోజులు గడిచాయి. అన్ని రోజులు అంతకుముందెన్నడూ నిలవలేదు. ఒక శనివారం సభ పెట్టి డేగక్కను వేదిక మీదికి పిలిచారు. ప్రిన్సిపాల్ అద్దం కట్టిన ప్రశంసాపత్రం చేతిలో పెట్టి ఫొటో తీయించుకున్నారు. ఆమె దాన్ని గుండెకు అదుముకుని తిన్నగా తమ్ముడి గదికి వచ్చింది. నేనక్కడే ఒక పుస్తకం అట్ట ఆరేదాకా కూర్చుని ఉన్నాను.

"ఒరేయ్, చదవరా. గట్టిగా చదువు, పెద్దాయన కూడా వింటారు."

బైండరు గొంతు సవరించుకుని మొదలెట్టాడు. పరిశీలన సంఘం మూడు నెలల పాటు చెప్పాపెట్టకుండా ఉదయం తొమ్మిదింటికి వచ్చి ఆవరణంతా తిరిగినా ఒక్క సిగరెట్టు పీకా కనిపించలేదు... కాబట్టి ఇక్కడ పొగ తాగేవారు లేరని నిర్ధారణ అయింది... ఈ శుభ్రతకు అభినందనలు... అవసరం తీరినందువల్ల మానిపించే గదిని వచ్చే బుధవారం ఖాళీ చేసి పరీక్షల విభాగానికి...

మిగతాది చదవకుండా పటాన్ని బల్లమీద బోర్లించాడు.

ఆమె ఎనిమిదింటికి ఊడ్చి వెళ్తుంది, వాళ్ళు తొమ్మిదింటికి వచ్చి చూస్తారు. ఇంత చదువుకున్న సంఘంలో ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినవాడు ఒక్కడూ లేడా!

"అంటే..." డేగక్క పటం మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "నేను ఊడ్చబట్టి గది మూసేస్తున్నారా? నా చేతులతో నేనే..."

అదే ఊపులో ప్రిన్సిపాల్ గదికి పరుగెత్తింది. ఆయన నవ్వేశారట. "మెప్పుకోలు ఒకటి చాలదా అమ్మా? లేనివాటిని ఏరానని కూడా చెప్పుకోవాలా? ఏవీ, చూపించు!" చూపించడానికి ఏముంది? ఆ ఉదయమే డబ్బా ఊరి చెత్తబండిలో గుమ్మరించి వచ్చింది.

సోమవారం తెల్లవారి ఆమె ఆకులన్నీ ఊడ్చింది. పీకల్ని మాత్రం ఎక్కడివక్కడే వదిలేసింది. ఆకు తీసి పీకను కదపకుండా వదలడం ఎంత కష్టమో ఆ రోజు చూశాను. వేళ్ళతో ఆకుల్ని ఒలిచినట్టు తీసింది. మంగళవారమూ అంతే; సంఘం తిరగడం అయిపోయింది గనక నేల వంక చూసినవాడే లేడు. బుధవారం తెల్లవారుజామున బైండింగు గది కిటికీ కింద ఆమె గొంతుక్కూర్చుని ఉంది. ఎంతకీ లేవడం లేదు. దగ్గరికి వెళ్ళాను. ఒక పీక. దానిమీద వేలిముద్రంత ఎండిన జిగురు.

"నలభై రోజులకు పైగా ఈ కిటికీ కింద ఒక్కటి లేదు పెద్దాయనా," అంది. "గది మూస్తారని తెలిసింది. మళ్ళీ మొదలెట్టాడు."

ఆమె తీగ కొస దాని దాకా వెళ్ళింది. అక్కడే ఆగింది. ఒక్కటి తీసేస్తే ఎవరికి తెలుస్తుంది? తమ్ముడి పరువు దక్కుతుంది. చివరికి తీగ వెనక్కి తీసుకుని, లేచి, పక్క ఆకులు ఊడ్చుకుంటూ వెళ్ళిపోయింది.

తొమ్మిదింటికి ప్రిన్సిపాల్, సంఘం అధ్యక్షుడు, తాళంచెవి అప్పగించడానికి నర్సమ్మ ఆ దారినే వచ్చారు. నేను వెనకే ఉన్నాను. మెట్ల కింద పీకలు. నీళ్ళ తొట్టి చుట్టూ పీకలు. "పొగ తాగరాదు" బోర్డు మొదట్లో అయితే పొగడపూలు రాలినట్టు ఒకటే పీకలు. మూడు రోజులుగా అక్కడక్కడా చూస్తున్న నాకే, అన్నీ ఒక్క చూపులో కనబడేసరికి ఇన్నా అనిపించింది. అధ్యక్షుడు నోరెళ్ళబెట్టాడు. ప్రిన్సిపాల్ ముఖం సున్నం కొట్టినట్టయింది.

"ఏమిటిది? ఎక్కడి నుంచి తెచ్చి పోశావ్? గది కోసం నాటకమా?"

"నేను పొయ్యలేదు సార్. రోజూ ఉండేవే. ఏరలేదంతే. చూడండి, సోమవారానివి మంచుకు ఉబ్బి ఉన్నాయి. ఇవాళ్టివి గట్టిగా ఉన్నాయి. ఒక్క పూటలో పోస్తే ఇలా ఉంటాయా?"

"ఎవరివో చెప్పగలవా మరి?" అన్నారు ప్రిన్సిపాల్.

ఆమె తల వంచుకుని వాళ్ళను కిటికీ దాకా నడిపించింది. "మిగతావాళ్ళ పేర్లు చెప్పను సార్. ఇది మాత్రం మా తమ్ముడిది."

కిటికీలోంచి బైండరు తల బయటికి వచ్చింది. ముఖం కందిపోయి ఉంది. "నాదే సార్," అన్నాడు. "నిన్న పదకొండున్నరకు వెళ్తే ఆ గదిలో బల్లలు లేవు, సామాను కడుతున్నారు. ఎక్కడ కూర్చోవాలో తెలీలేదు."

అధ్యక్షుడు చేతిలోని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ప్రిన్సిపాల్ తాళంచెవి తీసుకోవడానికి చాపిన చెయ్యి మెల్లగా దించుకున్నారు.

గది ఉండిపోయింది. సంఘం ఇకమీదట సాయంత్రం నాలుగింటికి తిరగాలని తీర్మానించారు. మూడు రోజులు పని ఎగ్గొట్టినందుకు డేగక్కకు మెమో ఇచ్చారు. ఆఫీసు ఆఫీసే కదా! ఆమె దాని గురించి ఒక్కసారీ ఎత్తలేదు. బాధంతా తమ్ముడి గురించే.

"నలుగురిలో నా తల తీసేశావ్ అక్కా," అన్నాడట. ఆ తర్వాత మాటల్లేవు. గదికీ వెళ్ళలేదు. రెండు రోజులు కిటికీ కింద జిగురు పీకలు పడుతూనే ఉన్నాయి. ఆమె ఒక్కోటీ ఏరుతూ, పైకి చూడకుండా వెళ్ళిపోయేది.

మూడో రోజు పదకొండున్నరకు, నర్సమ్మ గది కిటికీ పక్క వరండాలో ఆమె ఊడ్చిందే ఊడుస్తూ ఉంది. నేను స్తంభం చాటున పుస్తకం తెరిచాను గానీ ఒక్క వాక్యం చదివితే ఒట్టు. బైండరు వచ్చాడు. గుమ్మంలో ఆగిపోయాడు. రెండు బల్లలూ నిండిపోయి ఉన్నాయి. ఆఖరి సంవత్సరం ఆడపిల్లలు ఇద్దరు, హాస్టలు వంటాయన, చివర్న లెక్కల లెక్చరరు.

"ఏవయ్యా, గుమ్మానికి దిష్టిబొమ్మలా నిలబడ్డావ్, రా," అంది నర్సమ్మ.

"కూర్చోడానికి చోటేదమ్మా?"

లెక్చరరు బిళ్ళ నములుతూ తల అడ్డంగా ఊపాడు. "నేను లేవనయ్యా. నాకు ఇవాళ మొదటి రోజు, ప్రాణం పోతోంది."

"నాదీ మొదటి రోజే సార్," అన్నాడు బైండరు. "కాకపోతే ఆరోసారి. మీకంటే సీనియర్ని. జరగండి."

ఆడపిల్లలు కిసుక్కున నవ్వారు. లెక్చరరు జరిగాడు. బయట చీపురు చప్పుడు ఆగిపోయింది.