పురుగుమందుకు పెరుగు అడ్డమా?

ఆ రోజు మా ఆయన యాదయ్య మధ్యాహ్నానికే పని నుంచి వచ్చి గడపలో కూలబడ్డారు. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. నోట్లోంచి చొంగ కారుతోంది. చైతన్యపురి హాస్టళ్లలో నల్లులకు మందు స్ప్రే చేయడం ఆయన పని.

"ఎండ తగిలినట్టుంది. జర మజ్జిగ ఇయ్యి" అన్నారు.

"మాస్కు పెట్టుకున్నరా?"

"పెరుగన్నం, ఉల్లిగడ్డ తినే పోయిన గదా."

మా నల్లగొండ దిక్కు పత్తికి పురుగుమందు కొట్టేవాళ్లు పొద్దున్నే పెరుగన్నం తిని చేనుకు వెళ్లేవారు. కడుపులో పెరుగుంటే విషం ఎక్కదని మా మామతో సహా అందరి నమ్మకం. ఆ నమ్మకంతోనే ఆయన మాస్కూ గ్లౌజులూ సంచిలోంచి తీసేవారు కాదు.

నా చదువు పదో తరగతితో ఆగింది. మిగతాదంతా దిల్‌సుఖ్‌నగర్ లైబ్రరీలో చదువుకున్నదే. పురుగుమందు ఒంట్లోకి పోతే కంటిపాపలు చిన్నవవుతాయని అక్కడే చదివాను. ఆయన కళ్లలోకి చూశాను. పాపలు ఆవగింజల్లా ఉన్నాయి. మజ్జిగ ఇవ్వలేదు. ఆటో పిలిచాను.

ఎల్బీ నగర్ దవాఖానలో డాక్టరమ్మ చూడగానే "ఆర్గానోఫాస్ఫేట్ పాయిజనింగ్" అన్నారు, అంటే పురుగుమందు విషం ఎక్కిందని. బట్టలు తీసేయించి, సబ్బుతో ఒళ్లంతా కడిగించి, విరుగుడుగా అట్రోపిన్ ఎక్కించారు. విషం ఎంత ఎక్కిందో తెలియడానికి రక్తం కోలినెస్టరేస్ టెస్టుకు పంపారు. మర్నాడు లేచి కూర్చున్నారు. గండం గడిచిందనుకున్నాను. ఆ తర్వాతి రోజు దిండు మీంచి తల ఎత్తలేకపోయారు. ఊపిరి అందలేదు. ఈ విషం ఒకటి రెండు రోజులు ఆగి కండరాలను పట్టేస్తుందన్నారు. ఐసీయూలో గొంతులోకి గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టారు. నాకు చదివిందేదీ గుర్తు రాలేదు.

వారానికి పైగా పట్టింది ఆ గొట్టం తీయడానికి. ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్‌కు ఇచ్చిన యాంటీబయాటిక్‌తో విరేచనాలు పట్టుకున్నాయి. అప్పుడు పెరుగులో ఉండేలాంటి మంచి బ్యాక్టీరియా ఉన్న ప్రోబయాటిక్ పొట్లాలు రాశారు. కొన్ని మంచి బ్యాక్టీరియా పురుగుమందును పట్టి ఉంచుతాయని, కొన్ని దాన్ని విరగ్గొడతాయని ఎక్కడో చదివింది ఆయనకు చెప్పాను. ఆయన ముఖం వెలిగింది.

"మా అయ్య మాట నిజమే గదా. ఇంకిన్ని పొట్లాలు రాయమను. తాగి పనికి పోత."

 నేను చదివింది నిజమేనా అని రౌండ్స్‌కు వచ్చిన డాక్టరమ్మనే అడిగాను.

"నువ్వు చదివింది అబద్ధం కాదమ్మా. ల్యాబ్‌లో, ఎలుకల్లో కొంత ఆశ కనిపిస్తోంది. మనుషుల్లో ఇంకా తేలలేదు" అని ఆయన వైపు తిరిగారు. "యాదయ్యా, మందు నీ ఒంట్లోకి ఎట్లా పోయింది?"

"చేతుల మీద పడ్డది. వాసన గుడ పీల్చిన."

"మరి పేగులో ఉండే బ్యాక్టీరియా నీ చేతికి గ్లౌజు ఎట్లా అవుతుంది?"

ఆయన తన అరచేతులు తిప్పి చూసుకున్నారు.

ఇప్పుడు మళ్లీ పనికి వెళ్తున్నారు. మెట్లెక్కితే ఇంకా ఆయాసం వస్తుంది. మాస్కు, గ్లౌజులు, నిండు చేతుల చొక్కా లేనిదే పంపు ముట్టరు. "ఏందన్నా, ఆపరేషన్ చేయబోతున్నవా?" అని తోటివాళ్లు ఎగతాళి చేస్తే, "నాకే ఆపరేషన్ కాకుండ చూసుకుంటున్న" అంటారు.

పెరుగు మేమిప్పటికీ తింటాం, రుచికి, అరుగుదలకు. మీ ఇంట్లో ఎవరైనా మందు కొట్టి వస్తే మాత్రం పెరుగు గిన్నె తర్వాత అందించండి. ముందు ఆ బట్టలు బయటే విప్పించి, సబ్బుతో స్నానం చేయించండి.