రాని పడవలు లేవు

ఆ రోజుల్లో కంప్యూటరుకు తెలియనిదంటూ ఉండదని నాకు గట్టి నమ్మకం. కంప్యూటరుకు తెలిసినదంతా నాకూ తెలుసని అంతకంటే గట్టి నమ్మకం. చదువు పూర్తయి, అనకాపల్లిలో ఓ మేడమీది చిన్న ఆఫీసులో కొత్తగా చేరాను. వేటకు వెళ్లిన పడవల్లో ఏవి ఇంకా రాలేదో చెప్పే ప్రోగ్రాము తయారుచేయడం నా పని. తెప్పా పడవే, మరబోటూ పడవే అని దానికి వరసలన్నీ నేర్పాను (మా చుట్టాల వరసలు మాత్రం నాకిప్పటికీ తికమకే). పడవ ఒడ్డు చేరగానే తీరంలో ఒకరు ఫోనులో 'వచ్చింది' అని నొక్కుతారు. అలా నొక్కకపోతే ఆ పడవ రానట్టే. ఎంత తేలికో!

ఓ మధ్యాహ్నం ఉన్నట్టుండి ఈదురుగాలి లేచింది. పాయకరావుపేట దగ్గర తీరంలో ఉండే మా అత్త ఫోను చేసింది.

"అమ్మీ, మీ మావయ్య ఇంకా రానేదే. నీ మిసన్ని ఓపాలి అడిగి సూడు."

అడిగాను. 'రాని పడవలు లేవు' అంది తెర.

"వచ్చీసేడత్తా, కంగారు పడకు!"

గాలి హోరులో అత్త అరిచింది. "ఏ ఇంటికొచ్చీసేడే?"

తీరా చూస్తే అది నిన్నటి రాక. వచ్చాడా అని అడగడం నేర్పాను గానీ, ఎప్పుడు అని అడగడం నేర్పలేదు. ఒకసారి వచ్చినవాడు దాని దృష్టిలో ఇక ఎప్పటికీ వచ్చినవాడే. "ఇవాళ్టిది మాత్రమే చూడమను" అన్నారు మా ఆఫీసు సారు. ఈసారి 'రాలేదు' అంది, అంతే ధీమాగా. నిజంగా రాలేదా, లేక ఆ గాలిలో ఎవరూ ఫోను నొక్కలేదా? దానికి ఆ రెండూ ఒకటే.

కూర్చోలేక బస్సెక్కేశాను. బస్సు ఆగిన ప్రతిచోటా డ్రైవరును తిట్టుకున్నాను (మనసులోనే). ఒడ్డున అత్త నా చెయ్యి పట్టుకుని, నీళ్లకేసే చూస్తూ నిలబడింది. చాలాసేపటికి అలల మధ్య పడవ ముక్కు కనబడింది.

మావయ్య తడి బట్టలతో దిగి, సంగతి విన్నాడు. "నానొచ్చీసేనని ముందే సెప్తే, ఇంతసేపు సంద్రంలో తిరుగుదునేటే?" అన్నాడు. అత్త నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది.

మర్నాడు ప్రోగ్రాముకు 'తెలియదు' అనడం నేర్పాను. దానికి గంటలో వచ్చింది. నాకు చాలా ఏళ్లు పట్టింది. అన్నీ తెలుసనుకున్న అప్పటి ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అయితే అంత గట్టిగా ఎవరికైనా ధైర్యం చెప్పి ఎన్నాళ్లయిందో!