నాయన చొక్కా తొడిగిన బొమ్మ

నంద్యాలలో ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేయడం నా పని. జ్వరం వస్తే దానికో కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది అనుకునే మనిషిని. పైగా మాది చర్చికి పోయే కుటుంబం. దిష్టి, చేతబడి, గాలి సోకడం లాంటి మాటలు ఎవరైనా ఎత్తితే నాయన నవ్వి ఊరుకునేవాడు. నేనైతే వాదనకు దిగేదాన్ని. ఇప్పుడు దిగడం లేదు. నమ్మకం కుదిరిందని కాదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా ఊరు శిరివెళ్ల మండలంలో ఉంది. పోయిన ఏడాది నాయన మొక్కజొన్న వేశాడు. కంకులు పాలు పోసుకునే సమయానికి నల్లమల వైపు నుంచి అడవిపందులు దిగడం మొదలైంది. మనిషి వాసన తగిలితే పందులు రావని మంగలి షాపుల నుంచి వెంట్రుకలు తెచ్చి గట్ల మీద చల్లుతారు మా వైపు. అమ్మ అది చాలదని బొమ్మ కట్టింది. బొమ్మలు కట్టడం ఆమె వాళ్లమ్మ దగ్గర నేర్చుకుంది.

నేను సెలవుకు ఊరికి పోయి ఉన్నాను, పక్కనే కూర్చుని చూశాను. వెదురు బొంగులు నిలువుగా ఒకటి, చాచిన చేతుల్లా అడ్డంగా ఒకటి కట్టి, వరిగడ్డి చుట్టి, పైన పాత కుండ బోర్లించి సున్నంతో కళ్లు పెట్టింది. నాయన విప్పి పడేసిన చొక్కాను ఉతక్కుండానే తొడిగింది. ఆయన అంతకుముందే కత్తిరించుకున్న జుట్టును గుడ్డలో మూటకట్టి, గడ్డిలో గుండె ఉండే చోట దోపింది. చివరికి నడుముకు నల్ల మొలతాడు కట్టింది.

"మొలతాడు కూడా పందులకేనా?" అని అడిగాను.

"దిష్టికిలే. మీ నాయనకు చెప్పగాకు" అంది.

బొమ్మ ఎంత బాగా కుదిరిందంటే, పక్క చేను ఓబులేసన్న గట్టు మీద పోతూ "ఏమప్పా, పొద్దన్నే వచ్చినావే" అని దాన్ని పలకరించాడట. అది చెప్పుకుని అందరం నవ్వుకున్నాం.

కొన్నాళ్లకు నాయనకు కడుపులో నొప్పి వచ్చింది. ఆళ్లగడ్డ తీసుకుపోతే, పేగుకు చిల్లు పడినట్టుంది, ఆలస్యం చేయకుండా నంద్యాల తీసుకుపొమ్మన్నారు. ఆపరేషన్ బాగానే జరిగింది. బర్రెలను చూసుకునే దిక్కు లేక అమ్మ ఊరికి పోయింది. నేను పనికి సెలవు పెట్టి నాయన దగ్గర ఉన్నాను.

అమ్మ పోయిన మరుసటి రోజు నాయనకు జ్వరం వచ్చింది. కుట్లు శుభ్రంగా ఉన్నాయి. చీము లేదు. మందు మార్చారు. జ్వరం దిగలేదు.

మధ్యాహ్నం కళ్లు మూసుకునే "కాళ్లు పీకుతాండాయి అమ్మీ" అన్నాడు. పిక్కలు ఒత్తుతూ కూర్చున్నాను.

"ఎంతసేపని నిలబెడతారు నన్ను?" అన్నాడు.

"పండుకొనే ఉండావు నాయనా."

వినిపించుకోలేదు. మొగం మీద ఎండ కొడుతోందన్నాడు. ఆయన మంచం వార్డులో లోపలి గోడ పక్కన ఉంది, దగ్గర్లో కిటికీ కూడా లేదు. పైనున్న ట్యూబ్‌లైటు ఆర్పించాను. అయినా మొహం అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాడు. చేతులు రెండూ పక్కలకు చాచుకుని బిగుసుకుపోయాయి. సెలైన్ ఎక్కుతున్న చేతిని సర్దబోతే కట్టెలా ఉంది.

జ్వరం తలకెక్కితే ఇలాగే మాట్లాడతారని డాక్టరు చెప్పారు. అది నాకూ తెలుసు.

కాసేపటికి నాయన గట్టిగా, "ఓబులేసు ఎద్దు చేన్లో పడింది, తోలండి ఎవరన్నా" అంటూ లేవబోయాడు. నర్సూ నేనూ పట్టుకున్నాం.

బయలుదేరి రమ్మని అమ్మకు ఫోన్ చేశాను. ఎద్దు గురించి కలవరిస్తున్నాడని కూడా చెప్పాను. అమ్మ నన్ను మధ్యలోనే ఆపింది.

"ఇప్పుడే ఓబులేసు వచ్చి చెప్పి పోయినాడు. ఎద్దు పలుపు తెంచుకొని మన చేన్లో పడిందంట. మీ నాయనకు ఎవురు చెప్పినారు?"

ఎవరూ చెప్పలేదు. ఆయన ఫోన్ ఆఫ్ చేసి నా బ్యాగులోనే పెట్టుకున్నాను.

"ఇంకా ఏమంటాండాడు?"

కాళ్లు, ఎండ, చేతులు, అన్నీ చెప్పాను. "నేను చేనికాడికి పోతాండా" అని అమ్మ ఫోన్ పెట్టేసింది. అప్పటిదాకా నాకు ఆ బొమ్మ గుర్తే రాలేదు. మంచం మీద చాచి ఉన్న నాయన చేతుల వైపు చూశాను.

అంతలోనే ఆయనకు ఊపిరి అందక ఎగశ్వాస మొదలైంది. బీపీ పడిపోతోంది, ఐసీయూలోకి మార్చాలి, అవసరమైతే కర్నూలు తీసుకుపోవాలి అన్నారు. స్ట్రెచర్ కోసం చూస్తున్నాం. మళ్లీ అమ్మ ఫోన్.

"దీని కాడనే ఉండా" అంది ఆయాసపడుతూ. "పెరికేద్దామని చెయ్యి పెట్టినా, భయమైతాంది. పండబెడితే ఏమైతాదో. అగ్గి పెట్టేకి లేదు. ఇట్లే వదిలేసి వచ్చేకి కాళ్లు రాలే. ఏం చెయ్యల్ల, చెప్పుమే."

జవాబు చెప్పానంటే ఒప్పుకున్నట్టే. పిచ్చి నమ్మకాలు పెట్టుకోకుండా బస్సెక్కమని అనాల్సింది. నాయన పెదాలు నీలంగా మారుతున్నాయి.

"కూర్చోబెట్టు" అన్నాను. "నీడలో కూర్చోబెట్టు."

ఫోన్ చెవి దగ్గరే ఉంచుకున్నాను. గడ్డి చప్పుడు, బొంగు విరిగిన చప్పుడు వినబడ్డాయి. "మెల్లగా, మెల్లగా" అని అమ్మ మనిషితో మాట్లాడినట్టు మాట్లాడుతోంది. ఇక్కడ నాయన చేతులు వదులై పక్కన వాలాయి. మోకాళ్లు నిదానంగా మడుచుకున్నాడు. నడిచి నడిచి వచ్చి అరుగు మీద చేరగిలబడిన మనిషిలా ఒక్క నిట్టూర్పు విడిచి నిద్రలోకి జారుకున్నాడు.

స్ట్రెచర్ వచ్చేసరికి మళ్లీ బీపీ చూశారు. కాస్త ఆగి చూద్దామన్నారు. సాయంత్రానికి జ్వరం దిగింది. తర్వాత వచ్చిన రక్తం కల్చర్ రిపోర్టులో ఏ క్రిమీ పెరగలేదని ఉంది. మార్చిన మందు పనిచేసిందని డాక్టరు అన్నారు. అయి ఉండవచ్చు. అడిగినవాళ్లకు నేనూ అదే చెబుతాను.

నాయన ఇంటికొచ్చాక మేము ఆయనతో ఏమీ అనలేదు. ఒకరోజు అన్నం తింటూ, "ఆపొద్దు నా తలకు తడి తువ్వాల చుట్టింది ఎవురు? సల్లగా ఉన్నింది" అన్నాడు. నేను చుట్టలేదు. నర్సులూ చుట్టలేదు. అమ్మ ముద్దను పళ్లెంలో వదిలేసి బయటికి లేచిపోయింది. బోరు దగ్గర తన తువ్వాలు తడిపి బొమ్మ తలగా పెట్టిన కుండకు చుట్టానని అప్పటిదాకా నాకు కూడా చెప్పలేదు.

బొమ్మను ఏం చేయాలో మాకు తెలియలేదు. అమ్మ కూర్చోబెట్టిన చోటే, చేని గట్టున వేపచెట్టు కింద కూర్చుని ఉండేది. మబ్బు పడితే అమ్మ పోయి గోనెసంచి కప్పి వచ్చేది. చెద పడుతుందేమోనని నేను ఊరికి ఫోన్ చేసి కనుక్కునేదాన్ని. నడవగలిగాక నాయనే ఒంటరిగా పోయి దాన్ని విప్పేశాడు. చొక్కా ఉతుక్కుని తొడుక్కుంటున్నాడు. జుట్టు మూట ఏమైందో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు.

జ్వరానికి, బిగుసుకున్న చేతులకు పుస్తకాల్లో కారణాలు దొరుకుతాయి. ఎద్దుకూ తువ్వాలకూ నేను ఎంత వెతికినా దొరకలేదు. ఈ ఏడాది మళ్లీ మొక్కజొన్నే వేశారు. పందులు దిగుతున్నాయని ఓబులేసన్న చెబితే, అమ్మ నాయన ముఖం చూడకుండా "బొమ్మ కట్టల్లనా?" అని అడిగింది.

"వద్దు" అన్నాడు నాయన, చెప్పులు తొడుక్కుంటూ. "ఎట్లైనా నిలబడేది నేనే గదా."