పాదాలు గుర్తుపట్టే సాక్షి

మా ఐన్ జర్రా ఊళ్ళో సి అమ్రాన్‌కు, అంటే అమ్రాన్ గారికి, మనుషుల మొహాలు గుర్తుండేవి కావు, పాదాలు మాత్రమే గుర్తుండేవి. ఎదురుపడితే ముందు మన కాళ్ళు చూసేవాడు, తరవాత పలకరించేవాడు. చూపు మొహం దాకా రావడం ఎవరూ ఎరగరు. శుక్రవారం మసీదు గుమ్మంలో విడిచిన చెప్పుల వరస చూసి, లోపల ఎవరున్నారో, ప్రార్థన ఎగ్గొట్టినవాళ్ళెవరో చెప్పేసేవాడు. ఒకసారి పెళ్ళికాని యూనిస్ వాళ్ళన్న బూట్లు తొడుక్కుని బజారుకు వెళ్తే, కాఫీ దుకాణం ముందు ఆపి, "మీ ఆవిడ పురుడు పోసుకుందా నాయనా?" అని అడిగాడు. దుకాణం వారం రోజులు నవ్వింది.

ఆయన వృత్తి చెప్పులు కుట్టడం. స్వాతంత్ర్యం కోసం ఫ్రెంచివాళ్ళతో యుద్ధం జరిగిన ఏడేళ్ళూ ఔరెస్ కొండల్లో ఒక గుహలో కూర్చుని మనవాళ్ళ బూట్లు బాగుచేశాడు. నెత్తిమీంచి విమానాలు పోతున్నా తల ఎత్తేవాడు కాదట, కుట్టు వంకర పోతుందని. తల వంచుకుని అన్నేళ్ళు గడిపాక ఇంక మొహాలెలా గుర్తుంటాయని ఆయనే అనేవాడు, మేము నమ్మేశాం.

ఇది వట్టి సరదాగా పోయేదే కాని, సి అమ్రాన్ మాటకు ప్రభుత్వం దగ్గర విలువుంది. అదీ చిక్కు. ఆ యుద్ధంలో పనిచేసినవాళ్ళకు పింఛనూ వైద్యమూ ఇప్పించే యోధుడి కార్డు కావాలంటే ఎవరు ఏ లెక్కన అర్హులో నియమం స్పష్టంగా ఉంది. ఒకరోజు రొట్టె పెట్టినవాడూ, ఒక పూట దాక్కోనిచ్చినవాడూ యోధులు కారు. దళంతోపాటు విడవకుండా పనిచేసి ఉండాలి. పనిచేశారని అదే కొండమీద ఉండి, ఇప్పటికే కార్డు ఉన్న ఇద్దరు కళ్ళారా చూసినట్టు చెప్పాలి. యుద్ధం ముగిసి ఇరవై రెండేళ్ళయింది, సాక్షులు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. మా వైపు కొండకు సంబంధించి మిగిలినవాళ్ళలో కదలగలిగినవాడు సి అమ్రాన్ ఒక్కడే. ఆ దరఖాస్తులు చూసే విచారణ సంఘంలో నేను గుమాస్తాను, అధ్యక్షుడు రిటైరైన కెప్టెన్ సి బూజెమా. దరఖాస్తుదారు వచ్చి తన వీరగాథ అంతా చెప్పి ముగించాక సి అమ్రాన్ ఒకటే మాట అనేవాడు.

"బూటు విప్పు."

విప్పేవాళ్ళు. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని, పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, ఔనంటే ఔను. కాకపోతే మాత్రం 'కాదు' అని మొహాన చెప్పేవాడు కాదు. "ఏమో నాయనా, ఈ పాదం నాకు గుర్తురావడం లేదు, నా బుర్ర పాడైపోయింది" అనేవాడు. నేను అదే రాసుకునేవాణ్ణి.

దీంతో ఊళ్ళో ఒక కొత్త అలవాటు మొదలైంది. కార్డు మీద ఆశపడ్డవాళ్ళు విచారణకు నెల ముందునుంచే వట్టికాళ్ళతో తిరగసాగారు. కంకరరోడ్డు మీద పెద్దమనుషులు కుంటుతూ నడుస్తుంటే, ఫలానావాడు దరఖాస్తు పెట్టాడన్నమాట అని పిల్లలు కూడా చెప్పేసేవాళ్ళు. బట్టల దుకాణం ఖేమిసి అయితే మరీ అన్యాయం. మూడు వారాలు ముళ్ళదారిలో మేకల వెంట నడిచి, పాదాలు పగలగొట్టుకుని వచ్చి, సంఘం ముందు గర్వంగా చాపాడు. సి అమ్రాన్ ఆ పాదాన్ని జాలిగా నిమిరి, మంచి పాదమే, కాని తనకు గుర్తు లేదన్నాడు. ఇంటికెళ్ళి ఆలివ్ నూనె రాసుకోమని కూడా చెప్పాడు. ఖేమిసి కాఫీ దుకాణంలో కూర్చుని, మతిమరుపు ముసలాడి చేతుల్లో దేశచరిత్ర పెట్టారని నెల రోజులు తిట్టాడు. అందరూ అయ్యో పాపమన్నారు. నేనూ అన్నాను.

అలా సాగుతూండగా లల్లా తెబ్రా వచ్చింది.

పైనున్న పల్లెనుంచి గాడిదమీద వచ్చింది, చెల్లెలి కోడలు చెయ్యి పట్టుకుని. యుద్ధంలో మూడేళ్ళపాటు వారానికి రెండుసార్లు కెస్రా రొట్టెలూ మందులూ కొండమీదికి మోసింది. ఇన్నేళ్ళూ కార్డు ఊసే ఎత్తలేదు. ఇప్పుడు రెండు కళ్ళకూ పొరలు కమ్ముకున్నాయి. కార్డుంటే రాజధానిలోని సైనిక ఆసుపత్రిలో ఆపరేషన్ చేస్తారు, లేకపోతే ఇంతే. దరఖాస్తుల గడువు ఆ గురువారంతో సరి. అప్పటి దళం వంటవాడు మంచంలోంచే ఒక సాక్ష్యం రాసి పంపాడు. రెండో సాక్ష్యం ఇవ్వగలిగినవాడు సి అమ్రాన్.

గదిలో అందరికీ ఒకేసారి అర్థమైంది. డెబ్బై ఏళ్ళ ఆడమనిషిని, నలుగురు మగవాళ్ళ ముందు, బూటు విప్పమని ఎవరంటారు? అలా అన్నవాణ్ణి మా కొండల్లో పెళ్ళికీ చావుకూ పిలవరు. కెప్టెన్ గొంతు సవరించుకున్నాడు. నేను సిరాబుడ్డి మూత తీస్తూ, మళ్ళీ పెడుతూ కూర్చున్నాను. పాదం చూడకుండా సి అమ్రాన్ చెప్పలేడు, చూపించమని ఆమెను అడగనూలేడు. అంటే ఆవిడ కళ్ళు పోయినట్టే.

సి అమ్రాన్ నెమ్మదిగా తలెత్తాడు. ఆవిడ మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"అక్కా, కొండెక్కేటప్పుడు కాళ్ళకు ఏం తొడుక్కునేదానివి?" అన్నాడు.

అంతే, ఆవిడకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "దాని సంగతి ఎత్తకు తమ్ముడూ. మా దళపతి ఒక జత బూట్లు ఇప్పించాడు. కుట్టినవాడెవడో గుడ్డివాడు. మడమ తెచ్చి ముందువైపు పెట్టాడు, ముందుండాల్సిన అట్ట వెనక కుట్టాడు. మూడేళ్ళు బాతులా నడిచాను. ఇప్పటికీ చలికాలం మోకాళ్ళు పట్టేస్తే వాణ్ణి తలుచుకుని తిట్టుకుంటాను. వాడికి చెప్పులు కుట్టడం ఎవరు నేర్పారో కాని."

కెప్టెన్ నావైపు చూశాడు, నేను బల్లవైపు చూశాను. సి అమ్రాన్ చెవులు ఎర్రబడ్డాయి.

"రాసుకో అబ్బాయీ" అన్నాడు నాతో. "ఈవిడే. ఆ గుడ్డివాణ్ణి నేనే."

తరవాత విషయం తాపీగా చెప్పాడు. బురదలో అడుగులు చూసుకుంటూ ఫ్రెంచి సైనికులు రొట్టెలు మోసేవాళ్ళ వెంటపడేవారు. మడమ ముందుంటే, ఆవిడ పైకి వెళ్తున్నప్పుడు దిగి వస్తున్నట్టు జాడ పడుతుంది. అలాంటి జత ఆయన తన జన్మలో ఒకటే కుట్టాడు. అలాంటి జత ఒకటుందని దళపతికీ, తనకూ, తొడుక్కున్న మనిషికీ తప్ప ఎవరికీ తెలియదు.

లల్లా తెబ్రా ఆయన గొంతు వచ్చినవైపు తిరిగింది. "మరి నాకెందుకు చెప్పలేదు?" అంది.

"నిన్ను పట్టుకుంటే కొడతారు కదక్కా. తెలియని సంగతి ఎంత కొట్టినా బయటికి రాదు. తిడితే తిట్టావులే అనుకున్నాను."

కెప్టెన్ ముద్ర వేశాడు. గురువారానికి ఇంకా రెండు రోజులున్నాయి.

ఆ సాయంత్రం నేను సి అమ్రాన్‌ను ఇంటిదాకా దిగబెట్టాను. నాకు ఒకటి మింగుడుపడలేదు. ఆవిడ బూట్ల సంగతి చెప్పకముందే ఈయన కళ్ళు తడిశాయి, నేను చూశాను. మొహం చూడగానే పోల్చుకున్నారు కదా అని నిలదీశాను.

"పోల్చకేం? రొట్టెల మూట దించి గుహ ముందు కూర్చుని చెమట తుడుచుకునేది. మొహాలన్నీ నాకు గుర్తే" అన్నాడు.

"మరి ఖేమిసి?"

"యుద్ధమంతా వాళ్ళ మామ పిండిమరలో బస్తాల వెనక ఉన్నాడు. పిండి కోసం కొండ దిగినప్పుడు రెండుసార్లు నేనే చూశాను. అయితే ఏం చెయ్యమంటావ్? నువ్వు అబద్ధమాడుతున్నావని నలుగురిలో అంటే, రేపు వాడి కూతురు బళ్ళో పాఠం ఎలా చెబుతుంది? పాదం గుర్తురాలేదంటే నన్ను తిట్టుకుంటూ ఇంటికి పోతాడు. తిట్లు పడడానికి నేనున్నానుగా."

"యూనిస్‌ని పురుడు సంగతి అడిగారే?"

"నలుగురూ నమ్మాలి కదా మరి" అన్నాడు, సిగ్గుపడుతూ.

నాలుగేళ్ళు ఆయన పక్కన కూర్చుని రాసినవాణ్ణి, ఆయన్ని చూసి అందరికంటే ఎక్కువ నవ్వినవాణ్ణి నేనే. ఆ రోజు నాకు ఆయనమీద కలిగిన ప్రేమ ఇంతా అంతా కాదు. ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. ఖేమిసి ఇప్పటికీ తిడుతూనే ఉన్నాడు, హాయిగా.

రెండు నెలలకు లల్లా తెబ్రా రాజధానినుంచి తిరిగొచ్చింది, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా. బస్సు దిగి తిన్నగా సి అమ్రాన్ దుకాణానికి నడిచింది. నేను అక్కడే ఉన్నాను. గుమ్మంలో నిలబడి ఆయన మొహాన్ని పైనుంచి కిందికి పరీక్షగా చూసింది. ఆయన అలవాటుగా తల వంచుకుని నేలవైపు చూస్తున్నాడు. ఆవిడ అక్కడున్న పీట లాక్కుని కూర్చుంది. బజారంతా చూస్తుండగా, ఎవరూ అడక్కుండానే, రెండు కాళ్ళూ ఆయన ముందుకు చాపింది.

"కొలత తీసుకో తమ్ముడూ" అంది. "ఈసారి మడమ వెనకే పెట్టు."