దబీర్‌పురాలో మునిగిన పడవ

ఆ రోజుల్లో మా దబీర్‌పురా గల్లీలో ఎవరింటి ముందు ఏమున్నా ఎవరూ వింతపడేవారు కాదు. ఒకరి గుమ్మంలో బర్రెలుండేవి, ఇంకొకరి అరుగు మీద పెళ్ళి బ్యాండు వాళ్ళ డోళ్ళు ఎండకు ఆరేవి. కాబట్టి మా ఇంటి పక్క ఖాళీ జాగాలో ఒక తెరచాప పడవ రెండేళ్ళు నిలబడి ఉన్నా, జనం "పడవ కాడ ఎడమకు తిరుగు" అని దారి చెప్పడం మొదలుపెట్టారే తప్ప ఎందుకని అడగలేదు. (అడిగిన ఒకే ఒక్క మనిషి మా అమ్మ. ఆమెకు జవాబు ఇంకా రాలేదు.) మా బాపు వడ్రంగి. చెరువు మీద పడవలు నడిపేవాళ్ళెవరో పాతబడ్డదాన్ని అమ్మేస్తుంటే, టేకు చెక్క మంచిదని, నాలుగు తలుపులైనా వస్తాయని కొని ట్రాలీ మీద వేసుకొచ్చాడు. రంపం పట్టుకొని దాని చుట్టూ మూడు రోజులు తిరిగాడు. నాలుగో రోజు రంపం లోపల పెట్టి, కోయబుద్ధి అయితలేదన్నాడు. అంతే, అది మా ఇంటి పడవ అయింది. నలుగురు కూర్చునే చోటు, ఇద్దరు నడుం వాల్చేంత చిన్న గది ఉండేవి. ప్రతి ఆదివారం బాపు పుచ్చిన పలకలు మార్చేవాడు, అతుకులు పూడ్చేవాడు. వానలు వెళ్ళాక చెరువులో దింపి, ఇంటిల్లిపాదీ షికారు పోవాలని అనుకున్నాం.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. కోఠీ దగ్గర ఒక ఆఫీసులో బిల్లులు టైపు చేసే ఉద్యోగం. ఫోన్లో పడవల వీడియోలు చూసీ చూసీ, నీళ్ళ మీద ఒక్కసారైనా కాలు పెట్టకుండానే ఇంట్లో కెప్టెన్నయిపోయాను. అందుకే బంగాళాఖాతంలో తుఫాను లేచిందని, రేపటికల్లా మన వైపు గాలీవానా వస్తాయని టీవీలో చెప్పగానే సెలవు కోసం మా ఆఫీసరు ముందు నిలబడ్డాను. తుఫానుకు పడవను సిద్ధం చేయాలన్నాను. ఆయన జాలిగా, మీది కాకినాడ వైపా అని అడిగాడు. దబీర్‌పురా అన్నాను. ఆయన కాసేపు నన్ను, కాసేపు ఫ్యానును చూసి సంతకం పెట్టాడు.

ఇంటికొచ్చి అందరికీ పనులు పురమాయించాను. అమ్మ పడవ గదిలోంచి గోధుమల డబ్బా, రెండు బొంతలు, మామిడికాయ తొక్కు జాడీ బయటికి తీసింది. (రెండేళ్ళు పడవను చూసి మూతి తిప్పిన మనిషి దాన్ని అంతలా వాడుకుంటోందని నాకప్పుడే తెలిసింది.) తెరచాపలను చీరల్లా మడతపెట్టి బీరువాలో సర్దింది. తెరచాప కొయ్యను దించడానికి ఎదురింటి టెంట్‌హౌస్ చాచా తన మనుషుల్ని తీసుకొచ్చాడు. షామియానాలు వేసీ వేసీ గాలి గుణం తెలిసినవాడాయన. నేను పడవ మీద టార్పాలిన్ బిగించి కట్టబోతే ఆపాడు. "ఉండు బిడ్డా. గాలికి తొవ్వ ఇయ్యకుంటే షామియానానే ఎత్తుకపోతది. గిదీ గంతే," అన్నాడు. టార్పాలిన్ పక్కన పెట్టేశాం. నాలుగు మూలలా ఇనుప మేకులు దిగ్గొట్టి ఆయన మోకులు కడితే, మోకు చెక్కకు రాసుకునే చోటల్లా నేను పాత గుడ్డలు చుట్టాను. అంతా బాగానే నడిచింది, నేను బిరడా తీసేదాకా.

పడవ అడుగున, లోపల చేరిన నీళ్ళు పోవడానికి ఒక రంధ్రం ఉంటుంది. దానికో ఇత్తడి బిరడా. నేల మీదున్న పడవకు ఆ బిరడా తీసి ఉంచాలని, లేకపోతే వాన నీళ్ళు నిండి బరువుకు పలకలు విరుగుతాయని వీడియోలో చెప్పారు. నేను తీసి కుర్తా జేబులో వేసుకున్నాను. బాపు ముఖం మారిపోయింది. "పడవకు బొక్క తెర్సి పెడ్తరా బిడ్డా?" అన్నాడు. నేను నడుం మీద చేయి వేసుకొని వాన గురించీ బరువు గురించీ వివరించాను. బాపు చివరిదాకా విని, "సరే తియ్. నువ్వు సదువుకున్నదానివి," అన్నాడు. ఆ మాటలో వెక్కిరింత లేదు. ఉన్నా బాగుండేది.

మర్నాడు తెల్లవారుతూనే వాన మొదలైంది. గాలికి గల్లీలో రేకులు లేచాయి, మోకులు మూలిగాయి, పడవ మాత్రం కదల్లేదు. నేను కిటికీ దగ్గర నిలబడి నన్ను నేను మెచ్చుకుంటుండగా గల్లీ చివరి మురుగు నాలా పొంగింది. (వీడియో చేసినవాళ్ళకు మా నాలా సంగతి తెలియదు పాపం.) నీళ్ళు మోకాలి లోతయ్యాయి, ఆపైన తొడల లోతు. పడవ పాత టైర్ల మీద, నేలకు అడుగు ఎత్తున ఉంది. నీళ్ళు కిందనుంచి, నేను తెరిచిపెట్టిన దారిలోనే తాపీగా లోపలికి చేరాయి. మధ్యాహ్నానికి గది సగం నిండింది. చెరువు మొహమైనా చూడకుండా, కూర్చున్నచోటే మా పడవ మునిగిపోయింది. నాకు ఏడుపు ఆగలేదు. నీ ఆదివారాలన్నీ నీళ్ళపాలు చేశాను బాపూ అన్నాను. ఆయన కిటికీ వదిలి కదల్లేదు. ఇంతలో ఎక్కడిదో ఒక ఆటో, డ్రైవరు లేకుండా, నీళ్ళలో కొట్టుకొస్తూ పడవను గుద్ది, పక్కకు తిరిగి తన దారిన తాను పోయింది. పడవ ఉన్నచోటే ఉంది.

సాయంత్రం వాన తగ్గి నీళ్ళు దిగుతుండగా చాచా వచ్చి ఊడిపోయిన రెండు మేకులు చూపించాడు. పడవ తేలి ఉంటే మిగిలిన రెండూ ఆగేవి కావట. అది నేరుగా పోయి వెనకింటి ముసలి నానీ రేకుల గోడను కూల్చేదట. "మునిగింది గనకనే మిగిలింది. ఫికర్ చెయ్యకు," అన్నాడు. నన్ను ఓదార్చడానికే అలా అన్నాడనుకున్నాను. బాపు మాత్రం మా మాటలు వినడం లేదు. నా వైపు చేయి చాపి బిరడా అడిగాడు. పడవలో నీళ్ళు ఇంకా సగం ఉండగానే వంగి రంధ్రం మూసేశాడు. నీళ్ళు పొయ్యేటప్పుడు మూస్తవేందని అమ్మ అడిగితే, పొద్దున చూద్దామన్నాడు.

పొద్దున ఎండ కాసింది. గల్లీలో బురద మిగిలింది, పడవలో నీళ్ళు అలాగే ఉన్నాయి. బాపు బయటి అతుకులన్నీ పొడిగుడ్డతో తుడిచి, కాసేపు ఆగి, ఒక్కొక్కదాన్నే అరచేత్తో తడుముతూ పడవ చుట్టూ తిరిగాడు. బురద ఎత్తిపోస్తున్న వాళ్ళంతా పని ఆపి ఆయన చేతినే చూశారు. ఆ చేయి పొడిగానే తిరిగి వచ్చింది. "లోపలి నీళ్ళు బయటికి రాలే," అన్నాడు మెల్లగా. "బయటి నీళ్ళు లోపలికి ఎట్లొస్తయ్?" రెండేళ్ళుగా ఆయన మనసులోనూ ఒక భయం ఉండేదని నాకప్పుడే అర్థమైంది. తర్వాత బకెట్లతో, గిన్నెలతో గల్లీ గల్లీయే వచ్చి నీళ్ళు తోడింది. (ఒక చేప దొరికింది. ఎక్కడిదో ఎవరూ తేల్చలేకపోయారు.)

చలికాలంలో పడవను చెరువులో దించాం. అమ్మ, బాపు, చాచా ఎక్కారు. నేను చుక్కాని పట్టుకొని, వీడియోల్లో విన్న గొంతు తెచ్చుకొని, అందరినీ ఎడమ వైపు జరగమన్నాను. జరిగారు. పడవ తన ఇష్టప్రకారం కుడికి పోయింది. అయినా అందరూ నేను చూపించిన వైపే ఒరిగి కూర్చున్నారు. ఇప్పుడు నాకు పడవ నడపడం బాగానే వచ్చు; గాలి ఎటున్నదో చూడకుండా నోరు విప్పను. అయినా గాలి పడిపోయిన సాయంత్రాల్లో ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. తను తప్పు దారి చూపించినా ఇల్లంతా తన వెంట ఒరిగిందని ఆమె ఆ రోజు గమనించనేలేదు. పడవ తన మాట విననందుకు అలిగి కూర్చుంది.